అడగకుండా పంపిన పార్సిల్

జనవరి 8

చెల్లీ,

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానని మొహం చిట్లించకు. ఫోన్‌లో నేను మాట్లాడుతుంటే నువ్వు "ఊ" అంటూ పొయ్యి వైపు చూస్తావు. నాకు కనపడకపోయినా తెలుస్తుంది, ఆ "ఊ" వెనక గరిటె చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఉత్తరమైతే కూర్చుని చదవక తప్పదు. జవాబు కూడా ఉత్తరంలోనే రాయి. కాగితం మీద "ఊ" అని రాసి ఊరుకోలేవు.

కిందటి నెల మీ ఇంటికి వచ్చినప్పుడు నేను చేసిన పనికి నీకింకా కోపం తగ్గలేదని తెలుసు. అవును, మీ చెత్తబుట్టను వెనక వరండాలో పాత పేపర్ మీద బోర్లించాను. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు చేసే పనేనా ఇది అన్నావు. కాదు. కానీ నేను రోజూ చేయించే పని అదే. నాలుగు వార్డుల చెత్త మా షెడ్డులో పొడుగు బల్ల మీద పడుతుంది. పదిహేడు మంది ఆడవాళ్లు దాన్ని చేత్తో వేరుచేస్తారు. వాళ్ల మీద నేను మేస్త్రీని. నువ్వు మూత పెట్టి మర్చిపోయేదాన్ని మేం మూత తీసి చూస్తాం.

పోయిన మంగళవారం మా పొడుగామె చెయ్యి తెగింది. ఎవరో మహానుభావుడు వాడి పారేసిన ప్లాస్టిక్ రేజరు, తడి టిష్యూల ముద్దలో ఇరుక్కుని వచ్చింది. గ్లౌజు కోసుకుని అరచేతిలోకి దిగింది. మూడు కుట్లు. మర్నాడు ఆఫీసువాళ్లు వచ్చి, గ్లౌజులు ఎలా తొడుక్కోవాలో మాకు గంటసేపు పాఠం చెప్పి వెళ్లారు. రేజరు పారేసినవాడికి పాఠం చెప్పడానికి మాత్రం ఏ ఆఫీసూ లేదు. ఆ కోపం ఇంకా నా గొంతులోనే ఉంది. ఈ ఉత్తరంలో కొంత నీ మీద పడుతుంది, భరించు.

మీ బుట్టలో నేను చూసినవి: మరిదిగారి రేజర్లు రెండు. నువ్వు మొహం తుడుచుకున్న తడి టిష్యూలు గుప్పెడు. చెవిపుల్లలు. పేపర్లో చుట్టిన ప్యాడ్లు. ముగ్గురున్న ఇంట్లో ఒక్క వారానికి ఇంత. ఆ పేపరు పొట్లాలు మా బల్ల మీదికి వచ్చాక లోపల ఏముందో పైకి తెలియదు, కాబట్టి ఎవరో ఒకరు విప్పి చూడాలి. ఎవరు విప్పుతారనుకున్నావు? పారేశాం అంటాం గానీ, పారేయడం అంటూ ఏమీ లేదు చెల్లీ. నీ చేతిలోంచి పోయిందంటే ఇంకొకామె చేతిలో పడిందని.

అందుకని ఒక పార్సిల్ పంపుతున్నాను. పగలు మీ ఇంటికి తాళం ఉంటుంది కదా, నువ్వు రక్తపరీక్షల ల్యాబ్‌లో, మీ అమ్మాయి పిచ్చుక బడిలో. మరిదిగారి కళ్లజోళ్ల షాపు చిరునామాకి వేశాను. అందులో ఆయనకి బ్లేడు మార్చుకునే స్టీలు రేజరు ఉంది. పాత బ్లేళ్లు ఒక డబ్బాలో వేసి, నిండాక మూత అంటించి, పైన పెద్ద అక్షరాలతో "బ్లేళ్లు" అని రాయమను. నీకు ఉతికి వాడుకునే గుండ్రటి గుడ్డలు పది, మొహానికి. నీకూ పిచ్చుకకీ కలిపి గుడ్డ ప్యాడ్లు ఆరు. కొత్త ఫ్లానెల్ బట్ట, బూడిదరంగు మీద నీలం గళ్లు, మా షెడ్డు వాళ్లే కుట్టారు. రెక్కలకి టిచ్ బటన్లు ఉంటాయి. ఏది ఎందుకో చీటీ పెట్టలేదు, పార్సిల్ విప్పేది మరిదిగారు, ఆయన ముందు నువ్వు సిగ్గుపడి చస్తావని. నీకోసం నా జీవితంలో మొదటిసారి గుట్టు పాటించాను, గుర్తుంచుకో.

పిచ్చుకకి మార్చిలో పదో తరగతి పరీక్షలు కదా. ఈ వయసులో అలవాటైతే ఆ పిల్ల చెత్త జీవితాంతం సగమైపోతుంది. దానికి నువ్వే నచ్చజెప్పు.

కోపం తగ్గని
అక్క


జనవరి 20

అక్కా,

నీ ఉత్తరం చివరిదాకా చదివాను. మధ్యలో రెండుసార్లు ఆపి టీ తాగాను.

నువ్వు ఒంటరిదానివి, ఒక్క గదిలో ఉంటావు. నీ బుట్టలో ఉల్లిపొట్టు తప్ప ఏముంటుంది? మా ఇంట్లో ముగ్గురం, ముగ్గురికీ మూడు హడావుడులు. తడి టిష్యూతో మొహం తుడుచుకోవడం నాకేమీ విలాసం కాదు. పొద్దుట ఆరింటికి ల్యాబ్‌లో ఉండాలి, ఖాళీ కడుపుతో వచ్చి సూదికి చెయ్యి చాపి కూర్చునేవాళ్లు నాకంటే ముందే వరసలో ఉంటారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి నా మొహం నాది కాదు.

పార్సిల్ అందింది. స్టీలు రేజరుతో మొదటిరోజు ఆయనకి గడ్డం కింద రెండు చోట్ల తెగింది. దూది అంటించుకుని షాపులో కూర్చుంటే ఒక కస్టమరు, "ముందు మీ కళ్లు చూపించుకోండి సార్" అన్నాడట. ఇప్పుడు చెయ్యి తిరిగింది. బ్లేళ్ల డబ్బా మీద నువ్వు చెప్పినట్టే రాశారు, షాపు బోర్డు మీది అక్షరాలంత పెద్దగా. గుండ్రటి గుడ్డలు బాగున్నాయి, వాడుతున్నాను. వాటిని రోజూ ఉతికేది ఎవరని నువ్వు అడగలేదు, నేనూ చెప్పను.

ఆ ఆరూ మాత్రం ఇంటిదాకా రాలేదు. నీ మరిదిగారు షాపులోనే మంచి మంచి కస్టమర్లకి పంచేశారు. కుట్టు చూసి మురిసిపోయారు. తీసుకున్నవాళ్లంతా బాగుంది బాగుంది అన్నారట, ఇంకా ఉన్నాయా అని కూడా అడిగారట. నేనేమీ అనలేదు.

పిచ్చుకకి సాయంత్రం స్పెషల్ క్లాసులు మొదలయ్యాయి. లెక్కల్లో బాగుంది, చరిత్రలోనే రాజులందరూ కలిసిపోతున్నారంటుంది.

నీ చెయ్యి జాగ్రత్త. మేస్త్రీవి, దూరంగా నిలబడి చెప్పొచ్చు కదా, నువ్వు కూడా బల్ల మీద చెయ్యి పెడతావని నాకు తెలుసు.

చెల్లెలు


జనవరి 28

నా బంగారు చెల్లీ,

మధ్యాహ్నం భోజనాల దగ్గర నీ ఉత్తరం చదువుకున్నాను. చదివి, లేచి నిలబడి, అందరికీ పైకి చదివి వినిపించాను. నమ్మలేదు ఎవరూ. కాగితం లాక్కుని మళ్లీ చదివారు.

ఒక మగవాడు. పట్టపగలు. షాపు కౌంటరు మీద. ముట్టు గుడ్డలు పంచిపెట్టాడు. ఇన్నేళ్లూ మరిదిగారిని నేను అద్దాలు తుడుచుకునే మంచి మనిషి అనుకున్నాను, అంతకు మించి ఏమీ అనుకోలేదు. తప్పు నాదే. మందుల షాపులో ప్యాడ్ల ప్యాకెట్టుని పేపర్లో చుట్టి నల్ల సంచిలో వేసి, దొంగసొత్తులా బల్ల కిందనుంచి అందిస్తారు చూడు, మన జీవితాలన్నీ ఆ నల్ల సంచిలోనే గడిచాయి. ఆ సంచిని మరిదిగారు చింపి పారేశారు. సభలు పెట్టి మేం పదేళ్లలో చేయలేని పని ఒక్క కళ్లజోళ్ల షాపులో జరిగింది. పొడుగామె కట్టు కట్టిన చెయ్యి ఎత్తి, "ఆయనకి పెళ్లికాని తమ్ముడున్నాడేమో అడుగు, మా చెల్లెలికి సంబంధం చూస్తున్నాం" అంది.

ఇంకో పన్నెండు పంపుతున్నాను. ఈసారి ముదురు రంగులు. మరిదిగారిని ప్రతి ఒక్కరికీ చెప్పమను: మొదట చన్నీళ్లలో నానబెట్టాలి, వేడినీళ్లు పోస్తే మరక పట్టేస్తుంది, ఎండలో ఆరేయాలి, నీడన ఆరేస్తే తిప్పలే. సిగ్గుపడి మంచం కింద ఆరేసుకునేవాళ్లు వాడకపోవడమే మంచిది.

ఆ ఆరుగురూ ఎవరు? ఎలా ఉందన్నారు? రాపిడి ఉందా, కారిందా, ఎన్ని గంటలు ఆగింది? వాళ్ల మాటల్లోనే రాసి పంపు. ఒక కరపత్రం వేద్దామనుకుంటున్నాం. పేర్లు వేయం.

పిచ్చుకకి అలవాటైందా? చెప్పు.

మరిదిగారికి నమస్కారాలతో, నిజంగా నమస్కారాలతో
అక్క


ఫిబ్రవరి 6

అక్కా,

పన్నెండూ వచ్చాయి. ఇంక పంపకు. కరపత్రం కూడా ఇప్పుడే వద్దు.

ఆరుగురిలో ఒకావిడ పిచ్చుక బడి హెడ్‌మిస్ట్రెస్. ఆవిడకి బాగా నచ్చిందట, బడిలో రోజంతా చేతిలోనే ఉంటుందట. ఇద్దరు మగవాళ్లు. ఒకాయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరైనాయన. మిగతావాళ్లని నేనెరగను.

ల్యాబ్‌లో పని ఎక్కువగా ఉంది. పిచ్చుకకి కొంచెం జలుబు, రెండు రోజులుగా బడికి వెళ్లడం లేదు.

చెల్లెలు


ఫిబ్రవరి 12

చెల్లీ,

ఇద్దరు మగవాళ్లా? రిటైరైన పోస్టాఫీసు ఆయన దానితో ఏం చేసుకుంటున్నాడు? రోజంతా చేతిలో పట్టుకుని తిరిగే వస్తువా అది?

కరపత్రం అచ్చుకి వెళ్లింది. వెళ్లి ఆపించాను. ప్రెస్సువాడు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

జలుబు చేస్తే పరీక్షల ముందు పదో తరగతి పిల్ల బడి మానదు, ముక్కు తుడుచుకుంటూ వెళ్తుంది. నువ్వు అబద్ధం రాసేటప్పుడు అక్షరాలు చీమల్లా అయిపోతాయి, చిన్నప్పుడు కూడా అంతే. ఈ ఉత్తరం మొత్తం చీమలే. ఏం జరిగిందో రాయి.

అక్క


ఫిబ్రవరి 19

అక్కా,

పెద్ద అక్షరాలతోనే రాస్తున్నాను, చదువుకో.

ఆయన పార్సిల్ విప్పినప్పుడు రేజరు తన కోసమని అర్థమైంది. గుండ్రటి గుడ్డలు నాకని అర్థమైంది. రెక్కలున్న ఆ ఆరూ చేతిలోకి తీసుకుని, మడిచి, బటన్ పెట్టి చూశారు. లోపల మెత్తటి ఫ్లానెల్, పొడవు సరిగ్గా కళ్లజోడంత. ఆయన రోజంతా చూసేది కళ్లజోళ్లనే కదా. వదిన నా షాపు కోసం కళ్లజోడు సంచులు కుట్టించి పంపింది అనుకున్నారు. అద్దానికి గీతలు పడవు, బటన్ ఊడదు, ఇంత ఆలోచించి కుట్టినవాళ్లు లేరు అని కనపడ్డవాళ్లందరికీ చెప్పి ఒక్కొక్కటి ఇచ్చారు. నువ్వు నమస్కారాలు పెట్టిన విప్లవం ఇదీ.

నేను షాపుకి వెళ్లేసరికి రెండు మిగిలాయి. అద్దాల బీరువాలో, ఫ్రేముల పక్కన, ఒక్కోదాంట్లో ఒక్కో కళ్లజోడు పెట్టి ఉన్నాయి. చూడగానే తెలిసింది. నవ్వొచ్చింది. ఆయనకి అప్పుడే చెప్పొచ్చు. చెప్పలేదు. ఎందుకో నీకు చెప్పాలి, ఇన్నేళ్లుగా చెప్పలేదు కాబట్టి.

హమ్మయ్య అనిపించింది అక్కా. అవి ఇంటికి రావు, నా కూతురు వాటిని వాడక్కర్లేదు, నీతో వాదించే పని లేదు. అందుకే ఊరుకున్నాను.

మన చిన్నప్పుడు నువ్వు నీ గుడ్డల్ని వీధి తీగ మీద, అందరి చొక్కాల పక్కన ఆరేశావు. అమ్మతో పోట్లాడావు. ఆ నెలే మిల్లులో పని దొరికి వెళ్లిపోయావు. నువ్వు వెళ్లాక నాకు తీగ లేదు. నీలా తయారవుతానని అమ్మకి భయం. నా గుడ్డలు ట్రంకు పెట్టె వెనక ఆరేవి, ఆరేవి కావు. వానాకాలం తడివే కట్టుకుని బడికి పోయేదాన్ని. తొడలు ఒరుసుకుపోయి కాళ్లు ఎడంగా వేసి నడిస్తే మాస్టారు ఏం నడక అది అని అందరి ముందూ అడిగాడు. ఎనిమిదో తరగతి పరీక్షలో బెంచీ మీద మరక పడింది. అందరూ వెళ్లేదాకా లేవలేదు. నువ్వు గెలిచిన పోట్లాటకి నేను మూడేళ్లు శిక్ష అనుభవించాను. నా మొదటి జీతంతో కొన్నది ప్యాడ్ల ప్యాకెట్టు. దాన్ని నువ్వు చెత్త అంటున్నావు. నాకది పారేయగలిగిన మొట్టమొదటి వస్తువు. నా కూతురు ఒక్కసారి కూడా గుడ్డ ముట్టుకోదని ఆ రోజే అనుకున్నాను.

ఇప్పుడు జరిగింది విను. ఈ నెల నాలుగో తారీఖు పొద్దున, పిల్లలంతా వరసల్లో నిలబడ్డాక, హెడ్‌మిస్ట్రెస్ నోటీసు చదవడానికి హ్యాండ్‌బ్యాగులోంచి సంచి తీసి, బటన్ విప్పి, కళ్లజోడు పెట్టుకుంది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, వాళ్ల పిన్ని అలాంటివి వాడుతుందట, పక్కదాని చెవిలో చెప్పింది. రెండు నిమిషాల్లో వరసలన్నిటికీ పాకింది. అవి పిచ్చుక వాళ్ల నాన్న షాపులో ఇస్తారని ఎవరో అన్నారు. మధ్యాహ్నానికి క్లాసు బోర్డు మీద కళ్లజోడు బొమ్మ, కింద ఎర్ర సుద్దతో చుక్కలు. పిచ్చుక పుస్తకాల సంచి సర్దుకుని ఇంటికొచ్చేసింది. అంతే, మళ్లీ వెళ్లలేదు. వచ్చే నెల మొదటి వారంలోగా రాకపోతే హాజరు చాలదు, హాల్ టికెట్ ఇవ్వం అని క్లాసు టీచరు కబురు పంపింది. పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంటుంది. "సంవత్సరం పోతే పోనీ" అంటుంది.

ఆయనకి ఇప్పటికీ ఏమీ తెలియదు. జలుబే అనుకుంటున్నారు. పన్నెండులో ఇంకో రెండు ఇచ్చేశారు, ఉతికే పద్ధతి నువ్వు చెప్పమన్నావని నేనంటే చన్నీళ్లలో నానబెట్టమని కూడా చెప్తున్నారు. ఎలా చెప్పను?

ఇంకోటి. ఆ బడిలో ఆడపిల్లల మరుగుదొడ్లు మూడు. ఒక్కదానికీ గడియ లేదు. ఒకతి లోపలికెళ్తే ఇంకొకతి బయట తలుపు పట్టుకుని నిలబడాలి. కుళాయిలో నీళ్లు పదింటిదాకానే. అక్కడ నీ గుడ్డ ప్యాడు మార్చుకుని, తడిసింది సంచిలో పెట్టుకుని, సాయంత్రం దాకా క్లాసులో కూర్చోమంటావా? పార్సిల్ పంపేముందు ఇది అడిగావా?

చెల్లెలు


ఫిబ్రవరి 23

చెల్లీ,

అడగలేదు.

నీ ఉత్తరం షెడ్డులో చదవలేదు, ఇంటికి తెచ్చుకుని చదివాను. ట్రంకు పెట్టె వెనక అన్న మాట దగ్గర ఆగిపోయాను. మిల్లు నుంచి నెలకో ఉత్తరం రాసేదాన్ని కదా, ధైర్యంగా ఉండు, ఎవరికీ భయపడకు అని. ఎక్కడో కూర్చుని ధైర్యం చెప్పడం నాకప్పుడే అలవాటైనట్టుంది. నువ్వు జవాబులో "బాగానే ఉన్నాను" అని రాసేదానివి. అవీ చీమల్లాగే ఉండేవి. చూసి కూడా అడగలేదు.

అయినా వాదన పూర్తిగా వదలను, వదిలితే నేను నేను కాను. నిన్ను ఒరిసింది గుడ్డ కాదు. ఎండ తగలనివ్వకపోవడం. ట్రంకు పెట్టె వెనక పెడితే పట్టుబట్టైనా కుళ్లుతుంది. నీ ప్యాకెట్టు నిన్ను కాపాడింది, కాదనను. అదే ప్యాకెట్టు మా బల్ల మీద పొడుగామె గోళ్లలోకి వస్తుంది, దాన్ని నువ్వు కాదనకు. వాడినామె సిగ్గుతో చుట్టి పారేస్తుంది, విప్పినామె సిగ్గుతో చేతులు కడుక్కుంటుంది. ఈ ఇద్దరాడవాళ్లనీ కొట్లాటకి వదిలేసి, బడికి మూడు గడియలు బిగించనివాళ్లు హాయిగా ఉన్నారు. నేను కూడా వాళ్లని వదిలేసి నీ బుట్ట బోర్లించాను. తేలిగ్గా అందేది నువ్వే కాబట్టి. ఇది నాకు ఒప్పుకోవడం కష్టంగా ఉంది, రెండోసారి అడగకు.

సరే. పరీక్షలు ముందు. మరిదిగారికి ఇవాళే చెప్పు. నోరు రాకపోతే ఈ కింది నాలుగు మాటలూ ఆయన చేతికివ్వు.

మరిదిగారూ, మీరు పంచినవి కళ్లజోడు సంచులు కావు, నెలసరికి వాడే గుడ్డలు. చీటీ పెట్టని తప్పు నాది. మీరు చేసిందాంట్లో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ మీ కూతురు దానివల్ల బడి మానేసింది. దానికి జలుబు లేదు. వెళ్లి దాని పక్కన కూర్చోండి. ఏమీ సర్దిచెప్పకండి, వినండి. ఇట్లు మీ వదిన.

పిచ్చుకకి నేను ఏం రాయాలో తెలియడం లేదు. నాకు రాయడానికి మాటలు దొరకకపోవడం చూస్తున్నావా, దాచుకో ఈ కాగితం.

అక్క


మార్చి 4

అక్కా,

నీ నాలుగు మాటలూ షాపులోనే ఇచ్చాను. నిలబడి చదివారు. కళ్లజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని మళ్లీ చదివారు. మధ్యాహ్నం ఒంటిగంటకి షట్టరు దించేశారు. మా పెళ్లయ్యాక ఆ షట్టరు వారం మధ్యలో దిగడం నేను చూడలేదు.

ఇంటికొచ్చి పిచ్చుక మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. నేను వంటింట్లోంచి వింటున్నాను. చివరికి ఆయనే, "ఎనిమిది మందికి ఇచ్చాను" అన్నారు. "పోస్టాఫీసు తాతయ్యక్కూడానా?" అంది అది. "ఆయనకే మొదట" అన్నారు. దాని భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని గుమ్మంలోకి వచ్చాను. నవ్వుతోంది. ఆ తర్వాత ఏడ్చింది కూడా. "నువ్వు నాకు ముందే చెప్తే నేను లైన్లో నిలబడేదాన్నే కాదు" అని నన్నంది, ఆయన్ని కాదు. నిజమే కదా, తెలిసి ఊరుకున్నది నేనే.

సాయంత్రం ఆయన ఎనిమిది ఇళ్లకీ వెళ్లి చెప్పొచ్చారు. నేను వద్దన్నా వినలేదు. ఒకావిడ తలుపేసుకుందట. పోస్టాఫీసు తాతయ్య, "శుభ్రంగా ఉందిగా, నాకేం అభ్యంతరం లేదు, ఇవ్వను పో" అన్నాడట. హెడ్‌మిస్ట్రెస్ ఇంటికి మాత్రం చెమటలు పట్టి వెళ్లారు. ఆవిడ లోపలికి పిలిచి, "రెండో రోజే తెలిసింది నాకు, మా కోడలు చూసి చెప్పింది. కళ్లజోడు బాగా పడుతోంది, వాడుతున్నా. ఏం, మీకు నష్టమా?" అందట. ఈయన, "నష్టం మా అమ్మాయికండీ" అని బోర్డు మీది బొమ్మ సంగతి చెప్పారు. ఆవిడకి అది తెలియదట.

అప్పుడు ఈయన మరుగుదొడ్ల గడియల సంగతి అడిగారు. మూడుసార్లు పై ఆఫీసుకి రాశాను, ఇంకా రాలేదు అందట. "నేను పెడితే మీకేమైనా ఇబ్బందా?" అని ఈయన. "పెట్టాక ఆఫీసుకి చెప్తాను" అని ఆవిడ.

ఆదివారం పొద్దున మూడు గడియలు కొనుక్కుని బయల్దేరారు. ఈయన స్క్రూడ్రైవరు కళ్లజోడు కాడలు బిగించేది, అగ్గిపుల్లంత ఉంటుంది. దాంతో అరగంట తిప్పలు పడి, పక్క వీధి వడ్రంగి దగ్గర పెద్దది అడిగి తెచ్చుకున్నారు. పిచ్చుక తనూ వస్తానంది. నేను రమ్మనలేదు, ఆయనా రమ్మనలేదు. సోమవారం బడికి వెళ్లింది. ఎందుకు వెళ్లావని మేం అడగలేదు. క్లాసులో మొదటిరోజు ఇద్దరు నవ్వారట, మూడో రోజుకి గడియల దగ్గర వరస కట్టడంలో మర్చిపోయారట. హాల్ టికెట్ వచ్చింది.

నీళ్లు ఇంకా పదింటిదాకానే. మోటారు మార్చాలట. తల్లులం ముప్పైమందిమి కాగితం రాసి సంతకాలు చేశాం. నీకిష్టమైన పని, నేను చేస్తానని ఎప్పుడూ అనుకోలేదు. ముందు సంతకం నాదే. మళ్లీ మురిసిపోయి షెడ్డులో చదవకు.

మిగిలిన పదీ ఆయన ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇవి మీవట" అని తల ఎత్తకుండా వెళ్లిపోయారు. బల్ల మీదే ఉన్నాయి. నేను తీయలేదు, దాచలేదు.

చెల్లెలు


మార్చి 30

పెద్దమ్మకి,

పరీక్షలు నిన్న అయిపోయాయి. చరిత్ర కూడా బాగానే రాశాను, రాజుల్ని ఎవరి చోట వాళ్లని పెట్టాను.

నీ ఉత్తరాలన్నీ చదివాను. అమ్మ బీరువాలో పెట్టింది, నేను అడిగితే ఇచ్చింది. అమ్మవి నీ దగ్గర ఉన్నాయి కాబట్టి సగమే తెలిసింది, మిగతా సగం అమ్మే చెప్పింది. ట్రంకు పెట్టె సంగతి కూడా. మూడు నెలల పాటు నా గురించి ఇన్ని కాగితాలు రాసుకున్నారు. నువ్వు నన్ను అలవాటు చేయమన్నావు. అమ్మ నన్ను ముట్టుకోనివ్వనంది. నాన్న నాకు జలుబనుకున్నాడు. నీకేం కావాలి పిచ్చుకా అని ఒక్క కాగితంలో కూడా లేదు. నేను కోపంతో రాయడం లేదు. లేదని చెప్తున్నాను.

ఆ ఆదివారం నాన్న గడియ పెడుతుంటే స్క్రూలు నేను అందించాను. మొదటి తలుపు అయ్యాక, సరిగ్గా పడుతుందో లేదో చూడు అన్నాడు. లోపలికెళ్లి వేసుకున్నాను. పడింది. బయట ఎవరూ తలుపు పట్టుకుని లేరు. ఐదేళ్లుగా ఆ బడిలో చదువుతున్నాను, అలా లోపల నేనొక్కదాన్నే ఉండటం అదే మొదటిసారి. నాన్న పడిందా పడిందా అని అడుగుతున్నా కాసేపు తియ్యలేదు.

ఇప్పుడు నేను చెప్పేది విను. పదింటిలో నాలుగు తీసుకున్నాను. ఇంట్లో ఉన్నప్పుడు, సెలవుల్లో వాడతాను. మా డాబా మీద ఎండ బాగా ఉంటుంది. తీగ మీద, నాన్న చొక్కాల పక్కన ఆరేశాను. అమ్మ చూసి ఒక నిమిషం నిలబడింది, క్లిప్పులు తెచ్చిచ్చింది. నావి నేనే ఉతుకుతాను. మొహం గుడ్డలు ఇంక అమ్మ ఒక్కతే ఉతకదు, వంతులు వేశాం, ఇవాళ నాన్న వంతు.

బయటికి వెళ్లినప్పుడు మాత్రం కొన్నవే వాడతాను. కొత్త కాలేజీలో నీళ్లు ఎలా ఉంటాయో చూశాక మళ్లీ ఆలోచిస్తాను. వాడినవి పేపర్లో చుట్టి పైన ఎర్ర స్కెచ్‌పెన్నుతో అడ్డంగా గీత గీస్తున్నాను, విప్పకుండానే లోపల ఏముందో తెలిసేలా. మా క్లాసులో ఆరుగురం అలాగే చేస్తున్నాం. మీ పొడుగామెని అడుగు, ఆ గీత బల్ల మీద కనిపిస్తుందా, ఇంకా పెద్దగా గీయాలా. ఆమెనే అడుగు, నువ్వు చెప్పేయకు.

మిగతా ఆరూ అమ్మ దగ్గర ఉన్నాయి. అమ్మ వాడుతుందో లేదో నాకు తెలియదు, నేను అడగను, నువ్వూ అడగొద్దు.

ఈ విషయం మీద మీరిద్దరూ ఇంక ఉత్తరాలు రాసుకోకండి. రాయాలనిపిస్తే నాకు రాయండి.

పిచ్చుక